మగ్గాలు ఆగాక వినబడ్డ ఊరు

స్కెల్‌బెక్, యార్క్‌షైర్
11 మార్చి 1973, ఆదివారం

తమ్ముడూ సిరిల్,

ఐవీ అల్లి పంపిన ఉన్ని మేజోళ్ళు అందాయి. నా పాదాలు ఎప్పుడో పెరగడం మానేశాయని మరదలికి చెప్పు. వీటిలో నేనూ పక్కింటావిడా కలిసి నిలబడొచ్చు. అయినా వెచ్చగా ఉన్నాయి, వదలను.

మిల్లు మూసేశారు. క్రిస్మస్‌కి ముందే ఆఖరి మగ్గం ఆగింది. ఆపింది నజీర్. ఇతని గురించి నీకు రాశానో లేదో. పాకిస్తాన్ నుంచి వచ్చాడు, రాత్రి షిఫ్టు. పగలు నేను నడిపిన మగ్గాలే రాత్రి అతను నడిపేవాడు. నేను సగంలో వదిలిన గుడ్డ పొద్దున్నకి అతని చేతుల్లో పూర్తయి ఉండేది. ఏళ్ళ తరబడి ఒకే పడుగు మీద పనిచేశాం గానీ, షిఫ్టు మారే గుమ్మం దగ్గర తలాడించడం తప్ప మాటల్లేవు. మూసేసిన రోజున మాత్రం స్విచ్చి కట్టేసి నా వంక చూసి, పెదాలు పెద్దగా కదుపుతూ, "అయిపోయింది, అక్కా" అన్నాడు. చప్పుడుకి చెవులు పోయిన మాలాంటి వాళ్ళం షెడ్డులో పెదాలతో మాట్లాడుకునే పద్ధతి ఎప్పుడు పట్టేశాడో, అచ్చం మనవాళ్ళలాగే అన్నాడు.

మిల్లు ఆగాక ఊరెలా ఉందో తెలుసా? బ్రెడ్డు కొట్లో జనం గుసగుసలాడుతున్నారు. ఇన్నాళ్ళూ అరిచి మాట్లాడినవాళ్ళు, ఇప్పుడు పక్కవాడు వింటాడేమోనని బెదురుతున్నారు. చెవిటిదాన్ని, నాకేం తేడా ఉంటుంది అనుకున్నాను. ఉంది. పొద్దున టీ పెట్టుకోవడానికి వంటింట్లో రాతి గచ్చు మీద ఉత్తకాళ్ళతో నిలబడితే, అరికాళ్ళ కింద ఏదో సన్నగా వణుకుతోంది. మగ్గాల అదురు నాకు కొత్తా? పద్నాలుగేళ్ళప్పుడు మిల్లుకెళ్ళిన మనిషిని. ఇది అది కాదు. మగ్గం అదురులో లెక్క ఉంటుంది. దీనికి లెక్కలేదు.

ఇంకో సంగతి. వచ్చే ఏడాది ఏప్రిల్ నుంచి స్కెల్‌బెక్ అనే ఊరు ఉండదట. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ముద్ద చేసి ఆల్డర్‌వేల్ అని పేరు పెడతారట. అది చాలదన్నట్టు, మనల్ని యార్క్‌షైర్‌లోంచి తీసుకెళ్ళి, తరతరాల పగవాళ్ళ లాంకషైర్‌లో కలుపుతారట! పేపర్లో చదివి టీ ఒలకబోసుకున్నాను.

చెవులు తప్ప అన్నీ సవ్యంగా ఉన్న
నీ అక్క హెట్టీ


డునెడిన్, న్యూజీలాండ్
27 మార్చి 1973

అక్కా,

మగ్గాలు ఆగిపోయాయన్న ముక్క రెండుసార్లు చదివాను. ఆ చప్పుడు లేని ఊరు నా ఊహకి అందడం లేదు.

పేరు సంగతికొస్తే, పోతే పోనీ. "ఎముకల వాగు" అన్న పేరు ఎవడికి కావాలి? నాన్న చెప్పలేదూ, మహమ్మారి రోజుల్లో చచ్చినవాళ్ళని వాగులో పారేశారనీ, వాన పడ్డప్పుడల్లా ఎముకలు కొట్టుకొచ్చేవనీ, స్కెల్ అంటే స్కెలిటనూ, బెక్ అంటే వాగూననీ? వాగంటే ఏ వాగు? కొండ దిగగానే ఇనప జాలీలోంచి భూమిలోకి పోయి, గ్యాస్ ఫ్యాక్టరీ అవతల నల్లగా బయటపడే ఆ మురుగేగా? పక్క ఊరు థార్న్‌షా వాళ్ళతో క్రికెట్ ఆడటానికి వెళితే, వాళ్ళు బౌండరీ చుట్టూ నిలబడి కర్రలు టకటకలాడించేవాళ్ళు. "ఎముకల గాళ్ళొచ్చార్రోయ్! బంతి మెల్లిగా వెయ్యండి, విరిగిపోతారు!" నేను సున్నాకి అవుటైనప్పుడల్లా ఆ కర్రల చప్పుడే. బోర్డు పీకే రోజున నా తరఫున ఒక గ్లాసు బీరు తాగు.

లాంకషైర్ మాటకి మాత్రం ఒళ్ళు మండింది. అది వేరే విషయం.

పాదాల కింద వణుకంటున్నావు. మా రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లకి రివిట్లు కొట్టే పెద్దాయన ఉండేవాడు. చెవులు పోయాక తలలో గంటలు మోగుతున్నాయనేవాడు. డాక్టర్లు అది చెవి జబ్బేనన్నారు. నీకూ అలాంటిదేమో. బావ పోయాక ఒంటరిదానివి, ఒంటరిగా ఉంటే ఇంకా ఎక్కువవుతుందట. తూర్పు గది ఖాళీగా ఉంది. ఐవీ కర్టెన్లు కూడా కుట్టింది. వచ్చెయ్. ఇక్కడ గాలి మంచిది, గొర్రెలు తప్ప ఎవరూ విసిగించరు.

సిరిల్


స్కెల్‌బెక్
8 ఏప్రిల్ 1973

సిరిల్,

నేను పాదాలన్నాను. నువ్వు తల అంటున్నావు. నా తల పైనుంటుంది, పాదాలు కిందుంటాయి. మీ దేశం తలకిందులుగా ఉంటుంది కాబట్టి నీకు గుర్తు చేస్తున్నాను.

పోయిన వారం నజీర్‌ని ఇంటికి పిలిచి, బూట్లు విప్పించి వంటింట్లో నిలబెట్టాను. వాళ్ళావిడ జుబేదా కూడా వచ్చింది. కొత్తగా వచ్చిన అమ్మాయి, ఇంగ్లీషు రాదు. నాకు వినబడదు. మేమిద్దరం చేతులతో మొహాలతో ఎంచక్కా మాట్లాడుకుంటాం. నా రుబర్బ్ కాడల పులుసులో కారం వేసింది. తినగానే కళ్ళ నీళ్ళొచ్చాయి గానీ గిన్నె ఖాళీ అయింది.

నజీర్ కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇది నీళ్ళు, అక్కా" అన్నాడు. ఏటి ఒడ్డున పుట్టినవాడట, వాళ్ళింట్లోనూ నేల ఇలాగే అదిరేదట.

"ఇప్పుడా ఇల్లు ఎవరికిచ్చావు?" అనడిగాను.

"ఇవ్వలేదు. నీళ్ళకింద ఉంది" అన్నాడు.

ఊరు మునిగిపోయింది, సిరిల్. ఇళ్ళూ, బజారూ, బడీ, సమాధులూ అన్నీ. ఆనకట్ట కట్టినప్పుడు పోయిందట. నీళ్ళు వచ్చి గుమ్మం దాటి ఎలా ఎక్కాయో చేత్తో చూపిస్తుంటే జుబేదా తల తిప్పేసుకుంది. ఎండలకి నీళ్ళు తగ్గినప్పుడు గోడలు పైకి తేలతాయట. జనం వెళ్ళి వాళ్ళ గుమ్మాల్లో నిలబడి వస్తారట. ఆ ఊరి పేరు పక్కన కట్టిన కొత్త ఊరికి పెట్టుకున్నారట. మనం బోర్డు గురించి ఏడుస్తున్నాం.

నేను ఎక్కడికీ రాను. కర్టెన్లు బాగుంటే పోస్టులో పంపు.

హెట్టీ


టెలిగ్రాం. డునెడిన్, 18 ఏప్రిల్ 1973

ఊరు మునిగిందని తెలిసింది. క్షేమమా. ఎక్కడున్నావు. డబ్బు పంపనా. వెంటనే తెలుపు. సిరిల్.


డునెడిన్
20 ఏప్రిల్ 1973

అక్కా,

ఆ టెలిగ్రాం తప్పు నాది కాదు. నీ ఉత్తరం ముందు ఐవీ చూసింది. వర్క్‌షాపుకి ఫోన్ చేసి, "మీ ఊరు మునిగిపోయిందట, ఇళ్ళూ బజారూ సమాధులతో సహా! నీళ్ళు గుమ్మం దాటాయట!" అని ఏడ్చింది. ఇక్కడ యార్క్‌షైర్ వాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు కూడా టోపీలు తీసేశారు. ఇంటికెళ్ళి చదువుకునేసరికి అది పాకిస్తాన్.

సరే, నవ్వుకో. కానీ ఒక మాట అడుగుతాను, కోపగించుకోకు. నీ ప్రతి ఉత్తరంలోనూ ఈ నజీర్ ఉంటున్నాడు. వంటింట్లో బూట్లు విప్పి నిలబడేంత చనువేమిటని ఐవీ అడుగుతోంది. నువ్వు రానంటున్నది అతని వల్లేనా? పక్కవాళ్ళేమనుకుంటున్నారు?

ఇంకొకటి. మన ఊరి డాక్టర్ పికిల్స్‌కి ఉత్తరం రాశాను. నీ చెవులు ఒకసారి చూడమన్నాను. నీ మంచికే.

సిరిల్


స్కెల్‌బెక్
13 మే 1973

మిస్టర్ సిరిల్ బారాక్లఫ్‌కి,

మీరు పంపిన డాక్టర్ వచ్చి వెళ్ళాడు. ఇద్దరం టీ తాగాం. నా చెవుల్లో దీపం పెట్టి చూసి, "పోయిన ఏడాది ఎంత చచ్చి ఉన్నాయో ఇప్పుడూ అంతే చచ్చి ఉన్నాయి. పాదాల్లో ఏముందో నా చదువులో లేదు" అని కాగితం మీద రాసిచ్చాడు. మంచి మనిషి. కేకు రెండోసారి అడిగి తిన్నాడు.

నజీర్‌కి ముప్పై రెండేళ్ళు. నాకు యాభై ఎనిమిది. పక్కవాళ్ళు ఏమనుకుంటున్నారని నన్ను అడగడం దేనికి? పక్కవాళ్ళకే రాసి కనుక్కో. డాక్టర్లకి రాయడం అలవాటైన చెయ్యేగా.

మిసెస్ హెట్టీ గ్రీన్‌వుడ్


డునెడిన్
18 జూన్ 1973

అక్కా,

నెల రోజులు కోపంగానే ఉన్నాను. ఇప్పుడూ ఉన్నాను, కాకపోతే ఇక్కడ చలికాలం, నిన్నటి నుంచి మంచు పడుతోంది, ఇంట్లో కూర్చుని చేసేదేమీ లేదు, అందుకని రాస్తున్నాను.

ఇక నిన్ను రమ్మని అడగను. నీ ఇష్టం. ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. నేను ఆ ఊరు వదిలి వచ్చింది పని కోసమే కాదు. అది నోరు లేని ఊరు, అక్కా. మిల్లుది ఒకటే గొంతు, దాని కింద మనుషులందరూ మూగవాళ్ళు. అమ్మ నన్ను పేరు పెట్టి పిలవగా విన్నది నాకు గుర్తు లేదు. పెదాలు కదపడమే గుర్తు. ఇప్పుడు ఆ మిల్లు కూడా పోయింది. ఇక ఆ ఊళ్ళో వినడానికి ఏముంది? దేన్ని పట్టుకుని వేలాడుతున్నావు?

సిరిల్


స్కెల్‌బెక్
17 జూన్ 1973

సిరిల్,

నీ మీద కోపం ఇంకా ఉంది. కానీ ఇది నీకు రాయకపోతే ఎవరికి రాయను?

గురువారం, కూలుస్తున్న మిల్లులో మిగిలిన ఆఖరి ముక్క, బాయిలర్ల గది, పడగొడుతున్నారు. ఊళ్ళో పని లేనివాళ్ళందరం, అంటే ఊరందరం, తాడు ఇవతల నిలబడి చూస్తున్నాం. పొడుగాటి చిమ్నీ పోయిన వారమే పోయింది. క్రేనుకి వేలాడదీసిన ఇనప గుండు ఊగి గోడకి తగిలింది. గోడ లోపలికి పడింది. దాని బరువుకి నేల దిగబడిపోయింది. ఒక గది మొత్తం, ఎవరో కింద నుంచి లాక్కున్నట్టు, వెళ్ళిపోయింది. పనివాళ్ళు ముందే దూరంగా ఉన్నారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ధూళి లేచింది. అందరూ అరుస్తున్నారు. నోళ్ళన్నీ తెరుచుకుని ఉన్నాయి, నాకు కనబడుతూనే ఉంది.

ఉన్నట్టుండి నోళ్ళు ఆగిపోయాయి.

సిరిల్, పెదాలు చూసి బతికే మనిషిని నేను. స్కెల్‌బెక్‌లో ఎక్కడ చూసినా ఏదో ఒక నోరు కదులుతూ ఉంటుంది, చర్చిలో కూడా. అలాంటిది అంతమంది మొహాలు ఒకేసారి బిగుసుకుపోవడం నా జన్మలో చూడలేదు. అందరూ ఒకే వైపు తల వంచారు. కసాయి ఫెర్న్‌లీ టోపీ తీశాడు. జుబేదా రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. ఏదో వస్తోందని నాకు తెలుస్తోంది, ఏమిటో తెలియదు. అప్పుడు నా ముందున్న నీళ్ళ బకెట్టు చూశాను. నీళ్ళ మీద సన్నటి వలయాలు, ఒకదాని మీద ఒకటి, ఆగకుండా. రెయిలింగ్ పట్టుకున్నాను. ఇనుము చేతిలో జివ్వుమంటోంది. ఆ వణుకు మోచేతిదాకా ఎక్కి, అక్కడి నుంచి పళ్ళలోకి వచ్చింది.

నజీర్ నా భుజం తట్టి తన వైపు తిప్పుకున్నాడు. "మోగుతోంది, అక్కా" అన్నాడు. "నీళ్ళు మోగుతున్నాయి. గంటలాగ."

ధూళి అణిగాక కిందకి చూశాం. మురుగు కాదు, సిరిల్. మన ఇళ్ళ కింద, మిల్లు కింద, పెద్ద రాతి కమానులో, టీ రంగులో నిగనిగలాడే కొండ వాగు. రాతి మెట్ల మీద నుంచి మెట్టు మెట్టుకీ దూకుతోంది. ప్రతి మెట్టు కింద నీళ్ళే తొలిచిన గిన్నె లాంటి గుంట. నీళ్ళు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పడుతుంటే, ఆ కమాను దాన్ని పదింతలు చేసి పైకి పంపుతోందట. మిల్లు కట్టినవాళ్ళు దాని మీద కప్పు వేశారు, ఆ కప్పు మీద మగ్గాలు పెట్టారు. నూరేళ్ళకి పైగా మనం దాని నెత్తి మీద కూర్చుని అరుచుకున్నాం.

మిస్ ఓల్డ్‌రాయ్డ్ గుర్తుందా? బళ్ళో మనకి పాఠం చెప్పిన ఆవిడే. ఎనభై దాటాయి. చేతికర్ర మీద ఆనుకుని వచ్చింది, కాసేపు విన్నది, అక్కడే గోడ మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందని చూసి దగ్గరికి వెళ్ళాను. నా కోసం పెదాలు నిదానంగా కదిపింది. "నలభై ఏళ్ళు పిల్లలకి చెప్పాను, హెట్టీ. స్కెల్ అంటే ఎముకలు కాదర్రా, వెయ్యేళ్ళ కిందట సముద్రం దాటి ఓడల్లో వచ్చి ఇక్కడ ఊళ్ళు కట్టుకున్నవాళ్ళ మాట అది, స్కెల్ అంటే మోగేది, స్కెల్‌బెక్ అంటే మోగే వాగు అని. పుస్తకంలో ఉంది కాబట్టి చెప్పాను. నిజమని నాకూ తెలియదు."

మోగే వాగు. మన ఊరి పేరు అది. ఆ మాట అన్నవాడెవడో ఈ నీళ్ళ ముందు నిలబడి, ఇదే విని, అలాగే టోపీ తీసి ఉంటాడు.

మళ్ళీ దాని దగ్గరికి వెళుతున్నాను.

హెట్టీ


డునెడిన్
28 జూన్ 1973

అక్కా,

నేను పద్దెనిమిదిన రాసిన ఉత్తరం ఈపాటికి నీకు చేరి ఉంటుంది. దాన్ని పొయ్యిలో వెయ్యి. నోరు లేని ఊరని నేను రాస్తున్న వేళకి అది నాలుగు రోజులుగా మోగుతోంది.

నీ ఉత్తరం ఐవీకి చదివి వినిపించాను. ఆవిడ ఇక్కడి పిల్ల, స్కెల్‌బెక్ మొహం కూడా చూడలేదు. ఆవిడ కూడా చేస్తున్న పిండి వదిలేసి కూర్చుంది.

మిస్ ఓల్డ్‌రాయ్డ్ ఆ మాట చెప్పిన రోజు నాకు గుర్తుంది. వెనక బెంచీలో కూర్చుని స్కేళ్ళతో ఎముకల చప్పుడు చేశాం. ఆవిడ ఏమీ అనలేదు. "ఏదో ఒక రోజు వింటార్లే" అని నల్లబల్ల వైపు తిరిగింది. ఆవిడ గోడ మీద కూర్చున్న చోటు దగ్గర ఆగిపోయిన మనసు ఇంకా వెనక్కి రావడం లేదు.

ఎలా ఉంది, అక్కా, ఆ చప్పుడు? లోతుగా ఉందా, సన్నగా ఉందా? చర్చి గంటలాగా? గ్లాసు అంచు మీద వేలు తిప్పినట్టా?

ఇది రాశాక గుర్తొచ్చింది ఎవరిని అడుగుతున్నానో. కొట్టెయ్యబుద్ధి కాలేదు. అలాగే పంపుతున్నాను.

సిరిల్


స్కెల్‌బెక్
30 సెప్టెంబర్ 1973

సిరిల్,

ఇన్నాళ్ళూ రాయనిది కోపంతో కాదు. ఊరంతా యుద్ధంలో ఉంది. దానికి ఇదిగో ఇప్పుడు ఒక ముగింపు వచ్చింది.

మిల్లు స్థలంలో కార్లు పెట్టుకునే చోటు కడతామని కౌన్సిల్ వాళ్ళు ఎప్పుడో తీర్మానించారు. వాగు బయటపడగానే భయపడ్డారు. నీళ్ళని గొట్టంలోకి మళ్ళించి, ఆ గుంటంతా కాంక్రీటు పోసి పూడ్చేస్తామన్నారు. మంగళవారం టౌన్ హాల్లో సభ పెట్టారు. కౌన్సిలర్ హార్డ్‌కాజిల్ అధ్యక్షుడు. చెడ్డవాడు కాదు గానీ తన గొంతు తనకి చాలా ఇష్టం. "నిశ్శబ్దంగా ఉండాలి, అనుమతి లేనిదే ఎవరూ మాట్లాడకూడదు" అని మొదలుపెట్టాడు. సరేనన్నాం. హాలు నిండా పాత నేతగత్తెలు, సిరిల్! ఆయన అంత పొడుగు ఉపన్యాసం ఇస్తున్నంతసేపూ ఆయన నెత్తి మీదుగా ఈ గోడ నుంచి ఆ గోడకి పెదాలతో మాట్లాడుకున్నాం. ఒక్క చప్పుడు లేదు. "వాడి లెక్క తప్పు." "నువ్వు లేస్తావా?" "ముందు హెట్టీని లేపండి." "టై చూడండి, పెళ్ళాం కట్టినట్టు లేదూ?" మొత్తం హాలు ఒకేసారి నవ్వింది. పాపం ఆయన తన మాటకే నవ్వారనుకుని ఆనందపడ్డాడు.

నన్ను లేపారు. లేచాను. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు కదా. ముందు వరస వాళ్ళు వెనక్కి వంగడం చూసి పెద్దగానే వచ్చిందనుకున్నాను. "అయ్యా, నాకు వాగు వినబడదు. ఇక్కడ సగం మందికి వినబడదు. మీరు పూడ్చినా మాకు తేడా తెలియకూడదు. అయినా మేమే అడుగుతున్నాం, పూడ్చకండి. వినబడేవాళ్ళు ఇంకా పుడతారు" అన్నాను. కూర్చున్నాను.

అప్పుడు నజీర్ లేచాడు. వెనక నుంచి ఎవడో, "ఇది మా ఊరి సంగతి, నీకెందుకు? కూర్చో!" అన్నాడట. నేను చూడలేదు, తర్వాత చెప్పారు. నజీర్ కూర్చోలేదు. వాడికేసి తిరిగి అన్నాడు: "మా ఊరు నీళ్ళ కిందకి వెళ్ళింది, బాబూ. నేను ఒడ్డున నిలబడి చూశాను. అమ్మానాన్నల సమాధులు అక్కడే ఉన్నాయి. ఆ నీళ్ళని వెనక్కి పంపడం ఎవరి వల్లా కాదు. ఇక్కడ మీ నీళ్ళు మీ దగ్గరికి వాటంతటవే పైకొచ్చాయి. ఇలాంటిది నేనెక్కడా వినలేదు. మళ్ళీ మూత పెడతారా? నా ఇల్లు ఇప్పుడు దాని పక్కనే ఉంది. నా పిల్లలు పుట్టేది దాని పక్కనే. అందుకే నాకెందుకో నీకు చెబుతున్నాను."

పెద్దగా ఏమీ అనలేదట. మామూలుగానే అన్నాడట. నాకు పెదాలు కనబడ్డాయి, అంతే. కూర్చోమన్నవాడు తల దించుకున్నాడు. హార్డ్‌కాజిల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, పూడ్చవద్దనేవాళ్ళు చేతులెత్తమన్నాడు.

మిల్లు ఉన్న మేర వాగు తెరిచే ఉంచుతారు, సిరిల్. ఇళ్ళ కింద కమానుకి మరమ్మతు చేస్తారు. కార్లకి ఇంకో చోటు చూసుకుంటారు. పేరు మాత్రం పోతుంది. అది లండన్‌లో తేలిపోయిన సంగతి, వీళ్ళ చేతుల్లో లేదట. లాంకషైర్ కూడా అంతే.

ఆ చప్పుడు ఎలా ఉందని నువ్వడిగావుగా. నజీర్‌కి టేపు రికార్డరు ఉంది. పొద్దున్నే లారీలు తిరగకముందు వాగు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ క్యాసెట్టు దీనితోపాటు వేరే పొట్లంలో పంపుతున్నాను. అందులో ఏముందో నువ్వే నాకు రాయాలి.

హెట్టీ


డునెడిన్
21 అక్టోబర్ 1973

అక్కా,

క్యాసెట్టు వచ్చింది. మాకు టేపు లేదు, పక్కింటివాళ్ళది అడిగి తెచ్చాను. ఐవీ తలుపులన్నీ వేసింది.

ఏముందో రాయమన్నావు. ప్రయత్నిస్తాను. మొదట గరగర. తర్వాత అది. గంట అని నజీర్ అన్నది నిజమే గానీ, గంట కొట్టగానే మోగి తగ్గిపోతుంది, ఇది తగ్గదు. అడుగున ఒక లోతైన మోత, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఏదో పెద్ద గదిలో చాలామంది మగవాళ్ళు నోరు మూసుకుని పాడుతున్నట్టు. దాని మీద సన్నవి, వెండి చెంచాలు దొర్లించినట్టు, అవి మాత్రం మారుతూనే ఉంటాయి. కళ్ళు మూసుకున్నాను. ఇది నేను పుట్టిన మంచం కింద ఉండేదా? అమ్మ నన్ను ఎత్తుకుని తిరిగిన గచ్చు కింద ఇది మోగుతూనే ఉందా? నాకు ఒళ్ళు జలదరించింది, అక్కా. ఈ దేశంలో ఇంత పెద్ద కొండలు చూశాను, సముద్రం చూశాను. ఇలా ఎప్పుడూ కాలేదు.

టేపు అయిపోయే ముందు ఇంకొకటి ఉంది. అది నీకు తెలియకుండా పట్టేసి ఉంటుంది. వాగు మోత మధ్యలో ఒక గొంతు, ఊరు లేచిపోయేలా: "పట్టిందా, నజీర్? చక్రం తిరుగుతోందా? మా వాడికి సరిగ్గా వినబడాలి, చిన్నప్పటి నుంచీ వాడికి అన్నీ రెండుసార్లు చెప్పాలి!"

ఇరవై రెండేళ్ళయింది నీ గొంతు విని. ఐవీ నవ్వింది, నవ్వి నా మొహం చూసి ఆపేసింది. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ పెట్టి విన్నాను. పక్కింటాయన టేపు కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన్నీ కూర్చోమని వినిపించాను. "ఎవరావిడ?" అన్నాడు. మా అక్క అన్నాను. "వెనక ఆ మోత ఏమిటి?" అన్నాడు. మా ఊరు అన్నాను.

నజీర్‌కి నా నమస్కారాలు చెప్పు. చెప్పడం కాదు, సభలో అరిచినట్టు అరిచి చెప్పు. అతని గురించి నేను రాసిన మాటలు అతనికి తెలియనివ్వకు.

నీ తమ్ముడు సిరిల్


స్కెల్‌బెక్
7 ఏప్రిల్ 1974

తమ్ముడూ,

చలికాలమంతా కరెంటు కోతలు, కొవ్వొత్తులు. మిస్ ఓల్డ్‌రాయ్డ్ జనవరిలో పోయింది. నిద్రలోనే పోయింది. శవపేటిక చర్చికి తీసుకెళ్ళే ముందు వాగు పక్కగా తిప్పారు. ఎవరూ చెప్పలేదు, మోసేవాళ్ళు అటే తిరిగారు. అక్కడ కాసేపు దించి నిలబడ్డారు.

సోమవారం, ఏప్రిల్ ఒకటిన, మనం లాంకషైర్ వాళ్ళమైపోయాం. ఫెర్న్‌లీ తన కొట్టు తలుపు మీద "ఇది ఏప్రిల్ ఫూల్ కాదని ఎవరైనా రుజువు చేస్తే ఒక సాసేజి ఉచితం" అని రాసి పెట్టాడు. పొద్దున్నే కౌన్సిల్ వ్యాన్ వచ్చింది. థార్న్‌షా రోడ్డు మీదున్న పాత బోర్డు పీకి, ఆల్డర్‌వేల్ బోర్డు పాతాలి. గొడవ చేద్దామని మావాళ్ళు కొందరు కోపంగానే బయల్దేరారు. నేనూ కొత్త టోపీ పెట్టుకుని వెళ్ళాను. జుబేదా కూడా వచ్చింది, నెలలు నిండుతున్న పొట్టతో, మెల్లిగా.

వాగు దాటే చోట నజీర్ ఆగిపోయి, అందరినీ చేత్తో ఆపాడు.

నీళ్ళ మధ్యలో రాయి మీద ఒక పిట్ట. గుండ్రంగా, నల్లగా, మెడ కింద తెల్లగా, అన్నం తినేటప్పుడు పసిపిల్లకి కట్టే గుడ్డ కట్టినట్టు. మోకాళ్ళు వంచి లేస్తూ, వంచి లేస్తూ, మనకి దణ్ణాలు పెడుతున్నట్టు ఊగుతోంది. తర్వాత ఏం చేసిందో చెబితే నువ్వు మళ్ళీ డాక్టరుకి రాస్తావు. నడుచుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఈదడం కాదు, సిరిల్, నడవడం. నీళ్ళు నెత్తి మీదకొచ్చినా ఆగలేదు. ఆ ఉరవడిలో, అడుగున, రాళ్ళ మధ్య తిరుగుతోంది, మనం బజారులో తిరిగినట్టు. జుబేదా నా చెయ్యి పట్టుకుంది. మునిగిపోయిందనుకున్నాం. అంత దూరాన, ఇంకో రాయి మీద, పొడిగా లేచి నిలబడి రెక్కలు విదిల్చింది. మెడ ఉబ్బించింది. పాడుతోందట, ఆ మోత మీద కూడా వినబడుతోందట.

"దీన్నేమంటారు, అక్కా?" అన్నాడు నజీర్.

నేను పక్కవాళ్ళ వైపు చూశాను. వాళ్ళు నా వైపు చూశారు. ఎవరికీ తెలియదు. తాతల కాలం నుంచీ ఈ ఊళ్ళో ఎవరూ చూడని పిట్టకి మా దగ్గర పేరెక్కడుంటుంది? ఎగువన కొండల్లో ఎక్కడో ఉంటూ వచ్చిందేమో. నీళ్ళు పిలిచాయి, వచ్చింది. నోట్లో గడ్డిపరక కూడా ఉంది. కమాను రాళ్ళ సందులోకి దూరి, ఒట్టి నోటితో బయటికొచ్చి, మళ్ళీ గడ్డి కోసం ఎగిరింది.

బోర్డు దగ్గరికి ఎవరమూ వెళ్ళలేదు. వ్యాన్ వాళ్ళు పని ముగించుకుని ఈ దారినే తిరిగి వస్తూ, రోడ్డుకి అడ్డంగా నిలబడ్డ ఊరిని చూసి ఆగారు. దిగి, తిట్టబోయి, మా పక్కన నిలబడి వాళ్ళూ చూశారు. వాళ్ళలో ఒకడికీ దాని పేరు తెలియదు.

ఇక ఆపుతాను. టీ చల్లారిపోయింది. జుబేదా కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. రెండో పిట్ట కూడా వచ్చిందట.

స్కెల్‌బెక్ నుంచి
హెట్టీ